పచ్చట్టతో ఫిల్మ్ నగర్ దాకా

హైదరాబాద్ వెళ్ళి ఏం చూసొచ్చావని మా వీధిలోనూ చర్చిలోనూ అడుగుతున్నారు. చార్మినార్ చూడలేదంటే నమ్మడం లేదు. మోతీనగర్‌లో ఒక వంటగది, జూబ్లీహిల్స్‌లో ఒక మేడ గది, ఫిల్మ్ నగర్‌లో ఒక దుకాణం, నేను చూసినవి ఇవే. విశాఖపట్నంలో రైలెక్కింది మొదలు ఒక గ్రామఫోన్ రికార్డును ఒళ్ళోంచి దించకుండా తీసుకెళ్ళాను. దాన్ని కొన్నాళ్ళు అక్కడ ఒకరి చేతిలో వదిలి రావాలా, వెంట తెచ్చేసుకోవాలా, ఈ ఒక్కటీ తేల్చుకోవడానికే ప్రయాణం. ఆ ఒకరి ముఖం అప్పటికి నేను చూసి ఎరగను.

ముందు రికార్డు సంగతి చెప్పాలి. మా నాన్న దానియేలు గారు హార్బరులో ఆగిన ఓడలెక్కి నావికులకు సువార్త పుస్తకాలు పంచేవారు. ఒకసారి పోలండ్ దేశపు ఓడలో ఒక కుర్ర నావికుడు జ్వరంతో పడి ఉంటే, ఓడ కదిలే దాకా నాన్న రోజూ గంజి కాచి పట్టుకెళ్ళారట. వెళ్ళేటప్పుడు ఆ అబ్బాయి తన పెట్టెలోంచి ఈ రికార్డు తీసి ఇచ్చాడు. ఆకుపచ్చ అట్ట, దాని మీద ఒక నిచ్చెన, నిచ్చెన నీడ. మెరుపు లేని గరుకు అట్ట. కింద మూలన కొంచెం తెలుపు వదిలారు. ఆ తెలుపులో నాన్న నీలం సిరాతో రాసుకున్నారు: ‘ఈ ఇంట మోగేదంతా నీకే, ప్రభువా.’ అది రాసేనాటికి మా ఇంట్లో మోగేదేమీ లేదు. రికార్డు ప్లేయర్ కొనడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది.

నేను బడికి వెళ్ళలేదు. చిన్నప్పుడు గుండెకు జబ్బు చేసి, కొన్నేళ్ళు మెట్లు ఎక్కకూడదన్నారు డాక్టరు గారు. మా దగ్గర బడి మేడ మీద ఉండేది. అమ్మ లెక్కలు చెప్పేది, నాన్న చదువూ రాతా చెప్పేవారు. వాక్యం చివర చుక్క పెట్టకపోతే మొత్తం మళ్ళీ రాయించేవారు. ఆయన చుక్క పెట్టారంటే కలం కాసేపు అక్కడే ఆనించేవారు, సిరా గుంటలా దిగేది. పచ్చట్ట మీద చుక్క కూడా అలాంటిదే.

పోలిష్ జాజ్ అంటే తెలియని వాళ్ళకి: అందులో పాట ఉండదు, మాట ఉండదు. పియానో, బాకా, డ్రమ్ములు, మనిషంత ఎత్తున నిలబెట్టి వాయించే బాస్. ఒకరు ఎత్తుకున్నది ఇంకొకరు అందుకుని, ఎక్కడికి పోతారో తెలియకుండా పోయి, కలిసి ఇంటికి వస్తారు. ఆనాటి రికార్డులను ఇప్పుడు పోలండ్‌లో మళ్ళీ అచ్చు వేస్తున్నారు. రీఇష్యూలు అంటారు. వాటిని తెప్పించుకుని వినేవాళ్ళు తెలుగువాళ్ళలో కొద్దిమందిమి ఉన్నాం. ఫోన్లో ఒక గ్రూపు. ఆదివారం నేను ఆరాధన నుంచి ఇంటికొచ్చి అన్నం తిన్నాక మా మాటలు మొదలవుతాయి. ఆ పేర్లు మాకు నోరు తిరగవు కాబట్టి మేమే పేర్లు పెట్టుకున్నాం: నాది పచ్చట్ట, ఇంకొకటి గుర్రం రికార్డు, ఇంకొకటి ముసలాయన గొడుగు.

పచ్చట్ట రీఇష్యూ వచ్చినప్పటి నుంచి మాలో ఒక తగువు నడుస్తోంది. పాతదాంట్లో ఆఖరి బాణీ అయిపోయాక ఎవరిదో కుర్చీ కిర్రుమంటుంది. కొత్తదాంట్లో అది లేదు. ఉందని నేను, లేదని వాళ్ళు. గ్రూపు పెట్టిన కొండలరావు గారు ఏడాదిగా అడుగుతున్నారు, “ఒక్కసారి తీసుకురండి కరుణ గారూ, మంచి స్టూడియోలో శుభ్రంగా కాపీ తీయిద్దాం, అందరం విందాం” అని. అడిగిన ప్రతిసారీ చివర ఒకటి కలిపేవారు: “అట్ట కూడా మర్చిపోవద్దండీ.” వినాల్సింది రికార్డును. అట్టతో ఆయనకేం పని? పైగా తాను సినిమాల్లో ఉన్నానంటారు గానీ సినిమాల్లో ఏం చేస్తారో ఎప్పుడూ చెప్పలేదు.

మోతీనగర్

మా పెద్దనాన్న కూతురు రూతక్క అక్కడ ఉంటుంది, ఆసుపత్రిలో నర్సు. పెళ్ళై వచ్చి ఇన్నేళ్ళైనా చింతపండు పులుసు దగ్గర మాత్రం హైదరాబాద్‌కు లొంగలేదు. నేను దిగేసరికి వంజరం పులుసు పెట్టి ఉంచింది. చేప మాత్రం మన దగ్గరి రుచి కాదు. రూతక్క ఆ మాట నన్ను అననివ్వలేదు. “ఐసులో పడుకుని ఇంత దూరం వచ్చింది, దాన్నేమీ అనకు” అంది. ప్రార్థన చేసి తిన్నాం. కడుపు నిండింది, దేవునికి స్తోత్రం.

తిన్నాక సంచిలోంచి రికార్డు తీసి చూపించాను.

“దీనికా రైలెక్కి వచ్చావు?” అంది. “మా ఇంట్లో పెళ్ళికి రమ్మంటే మోకాళ్ళ నొప్పులన్నావు.”

“అప్పుడు నిజంగానే నొప్పులు.”

“ఎవరే ఈ కొండలరావు?”

“గ్రూపులో పెద్దాయన. మర్యాదస్తుడు.”

“మర్యాదస్తుడో కాదో చూస్తే గదా తెలిసేది. మీ గ్రూపులో పచ్చట్ట అసలుది ఎవరి దగ్గరుంది?”

“నా దగ్గరే.”

“మరి నువ్వు వదిలేసి వస్తే?”

రికార్డును మళ్ళీ సంచిలో పెట్టుకున్నాను. తను గిన్నెలు సర్దుకుంటూ చెప్పింది. “సినిమా వాళ్ళు లేనిది ఉన్నట్టు చూపిస్తారు కరుణా, వాళ్ళ పనే అది. ఉన్నది లేకుండా చేయడం ఎంతసేపు? ఇస్తే రికార్డు ఇవ్వు గానీ నాన్నగారి చేతిరాత మాత్రం ఇవ్వకు.”

ఆ రాత్రి పచ్చట్ట తలగడ కింద పెట్టుకుందామని చూసి, వంగుతుందేమోనని తలగడ పక్కన పెట్టుకున్నాను.

జూబ్లీహిల్స్

మా ఊళ్ళో కొండ ఎక్కితే సముద్రం కనబడుతుంది. ఇక్కడ కొండ ఎక్కితే గోడలు కనబడ్డాయి. ఇళ్ళు గోడల వెనకెక్కడో ఉన్నాయి. రోడ్లకి పేర్లు లేవు, నంబర్లు. చెక్‌పోస్ట్ మెట్రో దగ్గర ఎక్కిన ఆటో అతను నూటయాభై అడిగి, నా ఒళ్ళో చదరపు పొట్లం చూసి, “ఫోటో ఫ్రేమా అమ్మా?” అన్నాడు. అవునన్నాను. చిన్న అబద్ధమే, దానికి ఆటోలోనే క్షమాపణ అడిగాను.

గేటు దగ్గర వాచ్‌మన్ నన్ను కిందికీ పైకీ చూశాడు.

“ఆడిషన్‌కా?”

“కాదు బాబూ, కొండలరావు గారింటికి.”

“తల్లి వేషాలకు నిన్ననే అయిపోయినయమ్మా. లేటొచ్చిండ్రు.”

తల్లి వేషం కాదని చెప్పి ఒప్పించడానికి కొంతసేపు పట్టింది. కొండలరావు గారు సినిమా ఆఫీసున్న ఆ పెద్ద ఇంట్లో కాదు, వెనక మేడ మీద రెండు గదుల్లో ఉంటారు. అరవై దాటిన సన్నటి మనిషి, చేతివేళ్ళకు రంగు మరకలు. మాది రాజమండ్రి అవతలండీ అన్నారు. ఆయన భార్య సుజాత గారు పెసరట్లు వేసి పెట్టారు. మాతో పాటు గ్రూపులోంచి బ్యాంకులో పనిచేసే శంకరం గారు ఒక్కరే వచ్చారు. మిగతావాళ్ళు వస్తామని రాలేదు.

వాళ్ళ పద్ధతి ఒకటి ఉంది. రికార్డులన్నీ అట్టల్లోంచి తీసేసి, అట్టలను లోపలి గదిలో పెట్టి తలుపు వేస్తారు. ఏది మోగుతోందో తెలియకుండా విని, పాతదో రీఇష్యూనో చెప్పాలి. అట్ట చూస్తే చెవి లంచం తింటుందని వాళ్ళ నమ్మకం. పద్ధతి బాగానే ఉంది గానీ నాన్న చేతిరాత ఉన్న అట్ట తలుపవతలికి పోతుంటే పెసరట్టు పక్కన పెట్టి ఆ తలుపు వంకే చూశాను.

ముందు కొత్తది వేశారు. ఎంత శుభ్రంగా ఉందంటే బాస్ తీగ మీద వేలు జారడం కూడా వినబడింది. వాళ్ళ ఊపిరి కూడా మన గదిలోనే ఉన్నట్టుంది. పోలండ్‌లో ఆ పని చేసినవాళ్ళు చల్లగా ఉండాలి. తరవాత నాది వేశారు. చిటపటలు. ఆ చిటపటల మధ్య నుంచి నా చిన్నప్పటి మధ్యాహ్నాలు. ఆఖరి బాణీ ఆగింది. సూది అలాగే నడుస్తోంది. అప్పుడు, చివరి గీత అంచులో, కిర్రుమని కుర్చీ.

శంకరం గారు నెమ్మదిగా అన్నారు, “ఉంది.”

“ఇంకోసారి” అన్నారు కొండలరావు గారు. ఇంకోసారి వేశారు. “ఎవరో లేచాడండీ” అన్నారాయన. “వాయించడం అయిపోయిందనుకుని లేచాడు. మనకి వినబడుతుందని తెలీదు వాడికి.” ఆ మాట విన్నాక ఆయన్ని అనుమానించినందుకు సిగ్గుపడ్డాను.

ఆ సిగ్గు ఎంతోసేపు నిలవలేదు. చేతులు కడుక్కోవడానికి వెళ్తూ లోపలి గది తలుపు సందులోంచి చూశాను. కొండలరావు గారు కిటికీ దగ్గర నిలబడి పచ్చట్టను వెలుతురుకు ఎత్తి పట్టుకున్నారు. రెండో చేతిలో స్టీలు స్కేలు. నిచ్చెనను కొలుస్తున్నారు. నిచ్చెన అయ్యాక నాన్న చేతిరాతను కొలిచారు.

నేను దగ్గాను. ఆయన స్కేలు జేబులో పెట్టుకున్నారు.

“ఏంటండీ కొలుస్తున్నారు?”

“అలవాటండీ” అన్నారు. ముఖం మాత్రం అలవాటు ముఖంలా లేదు.

బయల్దేరే ముందు అడిగారు, స్టూడియో ఖాళీ దొరకాలి కాబట్టి పది రోజులు రికార్డు ఉంచమని. “అట్టతో సహా” అన్నారు. “అట్ట లేకుండా రికార్డు ఉంచడం నాకు మనసొప్పదండీ.”

“ఎల్లుండి రైలు, ఎక్కేలోగా చెప్తాను” అని రెండూ సంచిలో వేసుకుని వచ్చేశాను. మెట్లు దిగుతుంటే పైనుంచి సుజాత గారు, “అడగలేదా?” అనడం, ఆయన “ఎలా అడగనే?” అనడం వినబడ్డాయి.

ఫిల్మ్ నగర్

సినిమాలకు పాత గ్రామఫోన్లు కిరాయికి ఇచ్చే దుకాణం ఫిల్మ్ నగర్‌లో ఉందని, చూడదగ్గదని శంకరం గారు చెప్పారు. మర్నాడు రూతక్క డ్యూటీకి వెళ్ళగానే బయల్దేరాను. పచ్చట్టను ఇంట్లో వదల్లేదు.

దారిలో ఒక షెడ్డు బయట సింహాసనం ఆరబెట్టి ఉంది. దాని మీద కూర్చుని ఒకాయన ఇడ్లీ తింటున్నాడు. చుట్టుపక్కల ఎవరూ ఆయన వంక చూడడం లేదు. పక్కనే బండి మీద ఇడ్లీ ప్లేటు నలభై, మా దగ్గర కంటే ఎక్కువే గానీ చట్నీ ఎంత అడిగితే అంత పోస్తున్నారు.

దుకాణం యజమాని యాదగిరి. ఈ ఊరివాడే, దిట్టమైన మనిషి. లోపల టెలిఫోన్లు, పంకాలు, పోలీసు టోపీలు, ఒక వైపు గ్రామఫోన్లు. ప్రతి వస్తువు మీదా అంటించిన ఒక చిన్న గుండ్రటి చిట్టీ, దాని మీద నంబరు. గ్రామఫోన్లు చూస్తూ లోపలికి నడిచాను. గోడ పక్కన బల్ల మీద పచ్చట్ట కనబడింది.

పక్కన ఇంకో పచ్చట్ట. దాని పక్కన ఇంకోటి. ముప్పై నలభై ఉంటాయి, వరుసగా. అన్నిట్లోనూ నిచ్చెన. అన్నిట్లోనూ కింద మూలన నీలంగా, ‘ఈ ఇంట మోగేదంతా నీకే, ప్రభువా.’ గుంట పడ్డ చుక్కతో సహా.

అక్కడున్న జమీందారు కుర్చీలో కూర్చున్నాను. నేను ఒంటరిగా ఉన్నప్పుడు తప్ప పైకి చదవని వాక్యం అది. నలభైసార్లు ఎవరో దుకాణంలో పరిచారు. రూతక్క మాటలే గుర్తొచ్చాయి. వీటిని అసలువని చెప్పి మాలాంటి వాళ్ళకు అమ్ముతారన్నమాట. నావికుడిచ్చాడు, సువార్త పంచినాయన చేతిరాత కూడా ఉంది చూడండి అంటారన్నమాట.

“అక్కా, మీరు ఏ కంపెనీ నుంచి?” అన్నాడు యాదగిరి. గొంతులో అనుమానం.

“కంపెనీ ఏం లేదు. ఇవి ఎవరివి?”

“మరి గా లోపలి సామానెందుకు చూస్తున్నరు? మొన్న గిట్లనే ఒకామె వచ్చి నా డిజైన్లన్ని ఫోటోలు గొట్కపోయింది. వారంల ఎదురుంగ దుకాణం.”

“ఇవి అసలువా, చేయించినవా బాబూ?”

యాదగిరి నవ్వాడు. నీళ్ళ సీసా వంచి వేలు తడుపుకుని ఒక అట్ట మీద నీలం రాతను గట్టిగా రుద్దాడు. “సూడు, పోతదా? ప్రింటు. పెన్నుతో రాసిందైతే తడి తాకంగనే అంటుకుంటది. లోపల రికార్డు గూడ లేదు, అట్టముక్క.” తీసి చూపించాడు. “రేపు మధ్యాహ్నం షూటింగ్. హీరో నాయన మస్తు పైసలున్నోడు, గోడ నిండ రికార్డులు. హీరోకు కోపమొచ్చి గివన్ని తీసి నేలకేసి కొడ్తడు, కాళ్ళతోని తొక్కుతడు. అసిస్టెంట్ ఒకడు అడిగిండు, హీరో నాయన పేరు ఆనందభూపతి గదా, గీ ప్రభువు ఎవరన్నా అని. నాకేం ఎర్క?”

అమ్మడానికి కాదని తెలిసి ఒక క్షణం ఊపిరి తీసుకున్నాను. తొక్కుతాడన్నది ఆ తరవాత తలకెక్కింది.

సంచిలోంచి నా పచ్చట్ట తీసి వాటి పక్కన పెట్టాను.

యాదగిరి ముఖం మారిపోయింది. “గిదేంది? నా సామాను మీ సంచిల కెట్ల వచ్చింది?” అని బల్ల మీదివి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. రెండుసార్లు లెక్కపెట్టాడు. లెక్క సరిపోయింది. అయినా నమ్మలేదు. సీసా అందుకుని వేలు తడుపుకుని నా అట్ట మీదికి వంగాడు. నేను అట్టను లాక్కుని రెండు చేతులతో గుండెకు అదుముకున్నాను.

“తడి తగలనివ్వను. ఇది మా నాన్న రాసింది.”

“అసలుదని నేనెట్ల నమ్మాలె?”

లోపల్నుంచి రికార్డు సగం బయటికి లాగి చూపించాను. దాన్ని చేత్తో తూచి చూశాడు. బరువు తెలిసింది. మెల్లగా స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

“మీ నాయనదా?”

“మా నాన్నది. పోయారు.”

“అయ్యో. మాకు గియ్యన్ని ఎట్ల తెలుస్తయి అక్కా. ఆర్ట్ డిపార్ట్‌మెంట్ కొండల్రావు సారు చేయించిండు. మస్తు మంచోడు. ఒక్క అట్ట కోసం మూడు దఫాలు ప్రింటు కొట్టించిండు, ప్రొడ్యూసర్ మనిషి లొల్లి వెట్టిండు గూడ.”

పేరు వినగానే లోపల ఏదో తలుపు పడ్డట్టయింది. స్కేలు, కిటికీ, ‘ఎలా అడగనే’, అన్నీ ఒక్క చోటికొచ్చాయి. వీటిని చేయించడానికి ఫోటో ఆయనకెక్కడిదో కూడా తెలుసు. రీఇష్యూ వచ్చినప్పుడు, కొత్త అట్ట పచ్చ వేరు, పాతది వేరు అని తగువైతే, మా ఇంట్లో ట్యూబులైటు కింద పెద్ద ఫోటో తీసి గ్రూపులో పెట్టింది నేనే.

యాదగిరి తన డబ్బా విప్పి సర్వపిండి ముక్క చేతిలో పెట్టాడు. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు వేసి గిన్నె అడుగున కాల్చేది. మా వైపు లేదు. దుఃఖంలో కూడా రుచి తెలిసింది. నన్ను దొంగ అనుకున్న చేత్తోనే పెట్టాడు, అతని ఇల్లు చల్లగా ఉండాలి.

మళ్ళీ కొండ మీదికి

మర్నాడు సాయంత్రమే రైలు. పొద్దున్నే వెళ్ళాను. రికార్డు ఇచ్చేది లేదని, రెండు మాటలు అడిగి వచ్చేస్తానని రూతక్కకు చెప్పి వెళ్ళాను. వాచ్‌మన్ ఈసారి నమస్కారం పెట్టాడు. వేషం దొరికిందనుకున్నాడు కాబోలు.

కొండలరావు గారు తలుపు తీసి నా ముఖం చూడగానే, “యాదగిరి ఫోన్ చేశాడండీ” అన్నారు. కూర్చోమనడం కూడా మర్చిపోయారు.

“నన్ను ఒక్క మాట అడగలేదు మీరు” అన్నాను.

“తప్పేనండీ.”

“అట్ట కావాలంటే చేయించుకోండి. నిచ్చెన మా నాన్నది కాదు. చేతిరాత మా నాన్నది. ప్రార్థన మా నాన్నది. దాన్నెందుకు నలభైసార్లు వేశారు? సినిమాకి అదెందుకు?”

ఆయన సుజాత గారి వైపు చూశారు.

“చెప్పండి” అన్నారావిడ. “నాకు చెప్పినట్టే చెప్పండి.”

“అందరూ తుడిచెయ్యమన్నారండీ” అన్నారాయన. “డైరెక్టరు గారు, ప్రింటు వేసే కుర్రాళ్ళు, అందరూ. కంప్యూటర్లో ఒక్క నిమిషం పని. మౌసు పట్టుకుని కూర్చున్నాను. చెయ్యి రాలేదు. పాత అట్టను కడగకూడదు కదండీ. మరకుంటే మరక, రాతుంటే రాత. మన గ్రూపులో ఆ రూలు పెట్టిందే నేను. టీ మరక తుడిచాడని శంకరంతో నెల రోజులు మాట్లాడలేదు నేను.”

నేను సంచి ఒళ్ళో పెట్టుకుని సోఫాలో కూర్చున్నాను.

“వేరే ఎవరైనా అయితే ఒక్క గీతలో చెరిపేసి పడేసేవాళ్ళు, మీకు ఈ బాధే ఉండేది కాదు” అన్నారు సుజాత గారు. “ఈయన భక్తి వల్ల వచ్చింది ఇదంతా.”

“మరి కొలిచారెందుకు?”

ఆయన తల వంచుకున్నారు. “మీ ఫోటో ట్యూబులైటు కింద తీసిందండీ. నేను వేసిన పచ్చ అర వాసి నీలం కొట్టింది. అసలుది చూడగానే తెలిసిపోయింది. నిద్ర పట్టలేదు.” లోపలికి వెళ్ళి ఒక అట్ట తెచ్చారు. “నిన్న మళ్ళీ తీయించాను. ఇది సినిమాకి కాదు, నాకోసం.” టీ నీళ్ళతో అంచులు రంగు మార్చి, గరుకు కాగితంతో మూలలు అరగదీశారు. నా సంచిలోంచి పచ్చట్ట తీయించి, దాని పక్కన సోఫాలో పెట్టారు. యాభై ఏళ్ళుగా రోజూ చూసే నాకే ఒక్క క్షణం ఏది ఏదో తెలియలేదు.

“మధ్యాహ్నం వాటిని తొక్కుతారట” అన్నాను. “నాకు అదొక్కటే. నాన్న ప్రార్థన మీద ఎవరి కాలూ పడకూడదు.”

మళ్ళీ అచ్చు వేయడానికి టైము లేదు. నలుపు పూస్తే కెమెరాలో మచ్చలా కనబడుతుందట. అప్పుడు నాకు యాదగిరి గుండ్రటి చిట్టీలు గుర్తొచ్చాయి. ఒక దాని పక్కన ఒకటి అంటిస్తే పాత రికార్డుల షాపు చీటీల్లా ఉంటాయి, రాత కనబడదు. రెండు అట్టలూ సోఫాలోనే ఉంచి, ముగ్గురం ఆటోలో ఫిల్మ్ నగర్ వెళ్ళాం.

యాదగిరి చిట్టీల చుట్ట తెచ్చి బల్ల మీద పడేసి, “అతికియ్యుండ్రి, జల్ది. బండి వస్తది” అన్నాడు. నేను అంటించాను, సుజాత గారు అంటించారు, యాదగిరి మా ఇద్దరికంటే వేగంగా అంటించాడు. కొండలరావు గారు ఒక చిట్టీ వేలి కొసన పట్టుకుని, ఒక అట్ట ఎదురుగా నిలబడిపోయారు.

“సారూ, గది నకిలీది” అన్నాడు యాదగిరి. “మీరే చేయించిన్రు.”

“తెలుసయ్యా.”

“మరి అతికియ్యుండ్రి.”

“అతికిస్తున్నా.” మేం పది అంటించేసరికి ఆయన ఒకటి అంటించారు. అదీ రాతకు కొంచెం పక్కగా. సుజాత గారు పీకి సరిగ్గా పెట్టారు.

ఆ చేతిని చూశాక నేను తేల్చుకున్నాను. మేడ గదికి తిరిగొచ్చాక రికార్డును లోపలి తెల్ల కాగితపు సంచితో సహా తీసి ఆయన చేతిలో పెట్టాను.

“పది రోజులు” అన్నాను. “కుర్చీ చప్పుడు పోనివ్వకండి.”

“మరి అట్ట?”

“అట్ట నాతో వస్తుంది. మీ దగ్గర ఒకటుంది కదండీ.”

ఆయన కళ్ళు మెరిశాయి. “దాన్ని ఉంచుకోనిస్తారా?”

“ఉంచుకోండి. దాని మీద మాత్రం చిట్టీ వద్దు.”

నేను మంచినీళ్ళు తాగి వచ్చేసరికి నా సంచి సర్ది, పచ్చట్టను ఆయనే నా దుపట్టాలో చుట్టి పెట్టారు. కింద దాకా వచ్చి ఆటో ఎక్కించారు.

తిరుగు రైలు

రూతక్క కట్టిచ్చిన పులిహోర తిన్నాను. ఎదురు సీట్లో భార్యాభర్తలు అన్నవరం మొక్కు తీర్చుకోవడానికి వెళ్తున్నారు. దేవుడి గురించి కాసేపు మాట్లాడుకున్నాం, ఎవరి దేవుడో తేల్చుకోకుండానే. ప్రయాణం బాగా జరిగింది. మనుషులు బాగా చూసుకున్నారు. ఇలా ఒక్కొక్కరికీ కృతజ్ఞతలు చెప్పుకుంటూ కొండలరావు గారి పేరు దగ్గరికొచ్చేసరికి ఆగిపోయాను.

సోఫాలో రెండు అట్టలు ఉన్నాయి. సంచి సర్దింది ఆయన. నేను చూడలేదు.

దుపట్టా విప్పాను. పచ్చ సరిగ్గానే ఉంది, ఆయన దగ్గరున్నది కూడా సరిగ్గానే ఉంది. మూలలు అరిగి ఉన్నాయి, ఆయన అరగదీసినవీ అలాగే ఉన్నాయి. వాసన చూశాను, దుపట్టా వాసనే. మనుషుల్ని నమ్మేలా చెయ్యమని ప్రార్థన చేసుకున్నాను. ప్రార్థన అయిపోగానే వాటర్ బాటిల్ మూత తీశాను.

చూపుడువేలి కొస తడుపుకున్నాను. అక్షరాలు వద్దనుకుని, చివరి చుక్క మీద ఆనించాను. రుద్దలేదు, ఆనించానంతే.

వేలు తీసేసరికి కొస నీలంగా ఉంది.

ఇది నాన్నదే. ఎదుటావిడ “కలం కారిందా అమ్మా?” అంటే తలూపాను. విశాఖపట్నం వచ్చేదాకా ఆ వేలు కడుక్కోలేదు.

అన్న మాట ప్రకారం శంకరం గారి చేత రికార్డు తిరిగొచ్చింది. కాపీ గ్రూపులో అందరూ విన్నారు, తగువు తీరింది, కుర్చీ ఉంది. రికార్డు అట్టలోకి చేరిందో లేదో చూస్తానంటే కొండలరావు గారికి ఫోటో పెట్టాను, ఈసారి పగటి వెలుతురులో. క్షణంలో ఫోన్ వచ్చింది.

“కరుణ గారూ, చుక్క ఏదండీ?” అన్నారాయన. “నా దగ్గరున్నదానికి చుక్క ఉంది. నేను పొరపాటున మార్చి పెట్టానా? అసలుది నా దగ్గర ఉండిపోయిందా? రాత్రి బండికి తెచ్చి ఇచ్చేస్తానండీ.”

“లేదండీ” అన్నాను. “నా దగ్గరున్నదే అసలుది.”

“ఎలా తెలుసండీ?”

చెప్పాను. రైలు, బాటిల్ మూత, వేలికి అంటి వచ్చేసిన చుక్క, అన్నీ చెప్పాను. ఆయన పాత అట్టను కడగకూడదని నాకు గుర్తు చేయలేదు. అందుకు ఆయనకు రుణపడి ఉన్నాను.

“నాన్నగారి వాక్యం చుక్కతో సహా ఉన్నది ఇప్పుడు మీ దగ్గరే” అన్నాను. “జాగ్రత్తగా చూసుకోండి.”